పాత గడ్డి ఓ గుప్పెడు

సువార్తా,

నువ్వు వెళ్లిపోయాక ఇది మొదటి చలికాలం. ఢిల్లీలో మన వసంత్ కుంజ్ అంతా పొగమంచులో తేలుతోంది. మన పెరట్లో నీ బాతులు రెండూ అందులో ఈదుతున్నట్టే నడుస్తున్నాయి.

వాటి గూటిలో గడ్డి తడిసి కంపు కొడుతోందని ఈ రోజు మొత్తం ఊడ్చేశాను. పాలు పోసే భయ్యా హర్యానా నుంచి తెచ్చిన వరిగడ్డి మందంగా పరిచాను. మీ ఊరి కళ్లం వాసన గూడంతా నిండింది. కానీ సాయంత్రం బాతులు గుమ్మం దగ్గరే నిలబడిపోయాయి.

"పాపా, అందర్ నహీ జా రహే" అని, అవి లోపలికి వెళ్లట్లేదని నీ కూతురు నాతో చెప్పి దిగులుపడింది. అప్పుడు గుర్తొచ్చింది, ఆస్పత్రి డ్యూటీకి వెళ్తూ నువ్వు చెప్పే మాట: "అంతా తీసెయ్యకండి. పొడిగా ఉన్న పాతది ఓ గుప్పెడు ఉంచండి. ఆ వాసన లేకపోతే తమ ఇల్లనుకోవు."

చెత్తకుప్పలో వెతికి, పొడిగా మిగిలిన గుప్పెడు గడ్డి తెచ్చి గూటి మూలన వేశాను. రెండూ లోపలికెళ్లి దాన్ని కాసేపు కెలికాయి. తర్వాత రెక్కల్లో ముక్కులు దూర్చుకుని, కలలో ఏదో చెరువు మీద తేలుతున్నట్టు మెల్లగా ఊగుతూ నిద్రపోయాయి.

మన మంచం మీది దుప్పట్లన్నీ అమ్మాయి ఉతికింది. నీ దిండు గలీబు మాత్రం నేను ముట్టుకోనివ్వలేదు.