పదకొండో మంచం బీపీ చీటీ

ఆసుపత్రి సూపరింటెండెంటు గారి సముఖమునకు,
ఎముకల వార్డు, పదకొండో మంచం పేషెంటు గారి కోడలు వ్రాసుకొను అర్జీ.

విషయం: రేపు ఉదయం ఎనిమిది గంటలకు ఆపరేషను జరుగనున్న మా అత్తయ్య గారికి బీపీ మరల చూడవలసినదిగానూ, ఎందుకు చూస్తున్నదీ ఆమెకు చెప్పకుండా చూడవలసినదిగానూ కోరుట గురించి.

అయ్యా,

పై విషయమై విన్నవించుకొనునది ఏమనగా, నోటితో చెప్పవలసిన సంగతిని కాగితం మీద పెడుతున్నందుకు ముందుగా క్షమించాలి. చెప్పాలని రెండుసార్లు చూశాను. మొదటిసారి నేను నోరు తెరిచేసరికి డాక్టర్లందరూ పద్నాలుగో మంచం దగ్గరికి వెళ్ళిపోయారు. రెండోసారి మత్తు డాక్టరమ్మ గారే ఆగి "ఏంటమ్మా?" అని అడిగారు. "ఏం లేదండి" అనేశాను.

1. మా అత్తయ్య గారికి డెబ్బై మూడేళ్ళు. స్నానాల గదిలో జారిపడి చీలమండ దగ్గర ఎముక విరిగింది. వాపు తగ్గేదాకా ఆపరేషను ఆపారు. నడుము దగ్గర వెన్నులోకి మత్తు సూది ఇస్తారనీ, కాళ్ళు మొద్దుబారతాయి గానీ మనిషి మెలకువగానే ఉంటుందనీ మత్తు డాక్టరమ్మ గారు మాకు ఓపికగా చెప్పారు. "పెద్దవాళ్ళకి ఈ సూది పడ్డాక కాళ్ళలో రక్తనాళాలు వదులవుతాయి. బీపీ ఒక్కసారిగా జారిపోవచ్చు. గుండెకీ మెదడుకీ రక్తం చాలకపోతే ప్రమాదం. ఎవరికి జారుతుందో నేను ముందే అంచనా కట్టుకోవాలి. అందుకని రోజూ పొద్దున్నే పడుకోబెట్టి ఒకసారి, కూర్చోబెట్టి ఒకసారి బీపీ రాయండి" అన్నారు.

2. వార్డులో మంచాలు ఇరవై రెండు, సిస్టరు గారు ఒక్కరు. "అంకెలు వచ్చుగా, మీట నొక్కితే అదే చూపిస్తుంది, నువ్వే రాసిపెట్టమ్మా" అని బీపీ మెషీనూ, రాసే చీటీ నా చేతికిచ్చారు. ఇది ఫిర్యాదు కాదు. పాపం ఆవిడ పొద్దుట్నుంచీ కూర్చోవడం నేను చూడలేదు.

3. మొదటి రోజు పట్టీ బిగుసుకోగానే అత్తయ్య గారు వార్డంతా తిరిగి చూసేలా అరిచారు.

"చెయ్యి పిండేస్తోందే! తడిబట్ట అనుకుంటోందా ఏంటి?"

"ఒక్క నిమిషం అత్తయ్యా, అదే వదిలేస్తుంది."

"అది వదిలేలోపు నా ప్రాణం పోతుంది. తియ్ ముందు!"

"మరి చీటీలో ఏం రాయను?"

"నీ చేతికి కట్టుకుని రాయి. ఒకే కుండలో తింటున్నాం, ఒకే బిందెలో తాగుతున్నాం. నీకో బీపీ, నాకో బీపీనా?"

నా పెళ్ళయి పద్నాలుగు నెలలు. అత్తయ్య గారి మాటకు అడ్డు చెప్పడం నాకింకా చేతకాదు. కట్టుకున్నాను. పడుకుని ఒకసారి, కూర్చుని ఒకసారి. అందులో మాత్రం ఏ లోపమూ చేయలేదు. కావున చీటీలో ఉన్న మూడు రోజుల అంకెలు, అనగా 110/70, 112/72, 108/70 వగైరా, ఇరవై ఒక్క ఏళ్ళ నావి అని ఇందుమూలముగా తెలియజేయడమైనది.

4. ఈ ఉదయం మత్తు డాక్టరమ్మ గారు ఆ చీటీ చూసి "ఈ వయసులో ఇంత నిలకడ బీపీ! నాకే ఇలా ఉండదు పెద్దమ్మగారూ" అన్నారు. "మా ఒంటి తీరే అంతలే అమ్మా" అన్నారు అత్తయ్య గారు, నా వైపు చూడకుండా. జారే భయం తక్కువ, మామూలు పద్ధతే చాలు అని కేసు షీటులో రాశారు. అప్పట్నుంచీ అత్తయ్య గారు నా బీపీ గురించి వార్డంతా చెప్పుకుంటున్నారు. పన్నెండో మంచం ఆవిడ కిటుకేమిటని అడిగితే, పెందలాడే లేవడం అని చెప్పారు.

5. చీటీలో లేనివీ, నాకు తెలిసినవీ: కూర్చోబెట్టగానే గది తిరుగుతోందని నా భుజం పట్టుకుంటారు. మంచం మీద బెడ్‌పాన్ అడగడానికి సిగ్గుపడి రోజుకు గ్లాసుడు నీళ్ళు కూడా తాగడం లేదు. ఏ మందులూ వాడనని డాక్టరు గారితో చెప్పారు గానీ, తొమ్మిదేళ్ళుగా బీపీ బిళ్ళ వేసుకుంటున్నారు. ఆ అట్ట దిండు గలేబులో ఉంది.

మా ఆయనతో చెబితే "డాక్టర్లకి తెలీదా? వాళ్ళే చూసుకుంటార్లే" అన్నారు. అయ్యా, వాళ్ళు చూసుకుంటున్నది నా చెయ్యి.

అత్తయ్య గారు అరుస్తారు గానీ మంచివారు. కాపురానికి వచ్చిన కొత్తలో చుట్టాలు పలకరిస్తే నాకు మాట వచ్చేది కాదు. "మా కోడలికి గొంతు నొప్పి" అని వారం రోజులపాటు వచ్చిన ప్రతివారికీ ఆవిడే చెప్పారు. ఎవరూ నన్ను ఒక్క మాట అనలేదు. అలాంటి మనిషి రేపు ఆ బల్ల మీద, నా అంకెలను నమ్ముకుని పడుకుంటారంటే నాకు అన్నం దిగడం లేదు.

కావున సిస్టరు గారి చేత ఆమె సొంత చేతికి బీపీ చూపించి, అయిదో అంశంలోని సంగతులు కేసు షీటులో రాయించి, మత్తు డాక్టరమ్మ గారు మళ్ళీ అంచనా కట్టేలా చూడగలరు. అత్తయ్య గారితో మాత్రం మెషీను చెడిపోయిందని చెప్పించగలరు. అధికారులను అబద్ధమాడమని కోరకూడదని తెలుసు. చిన్నదే కనుక అడుగుతున్నాను.

నా తప్పు ఆవిడ ఒంటి మీదకు రాకముందే చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
పదకొండో మంచం వారి కోడలు

తా.క.: సంతకం పెడుతుండగా అత్తయ్య గారు "అంతసేపు ఏం రాస్తున్నావే?" అన్నారు. నాకు అబద్ధం తట్టలేదు. చదివి వినిపించాను. బెడ్‌పాన్ దగ్గర "అదీ రాశావా!" అన్నారు. అంతా విన్నాక ఇలా అడిగారు.

"అంటే రేపు సూది నాకిచ్చి, బీపీ నీదనుకుంటారా?"

"అవునత్తయ్యా."

"ఇంత తెలిసినదానివి, ఆ రోజే నా చెయ్యి లాక్కుని కట్టెయ్యలేకపోయావా?"

"మీరు అరుస్తారని..."

"అరుస్తాను. అరిస్తే ఏం? కట్టు" అని చెయ్యి చాపారు.

పడుకుని 166/90. కూర్చోగానే 124/70, అంటే నలభై రెండు జారింది. ఈ అసలు అంకెల చీటీ దీనికి జతపరచడమైనది. బిళ్ళల అట్ట కూడా ఆవిడే తీసిచ్చారు. కనుక మెషీను చెడిపోయిందని తమరు చెప్పించనక్కర్లేదు. మిగతావన్నీ యథాతథం.

మత్తు డాక్టరమ్మ గారు నాలుగింటికి వెళ్ళిపోతారట. తమ గుమస్తా గారు అర్జీ ఎవరిచ్చినా రేపు రమ్మంటారట. రేపు ఎనిమిదింటికే ఆపరేషను కనుక నేను రేపు రాను. ఇప్పుడే మేడెక్కి వచ్చి తమ గుమ్మం దగ్గర నిలబడతాను. కేసు షీటు అక్కడికే తెప్పించి, అందులో అంకెలు మారడం నా కళ్ళతో చూశాకే కిందికి దిగుతాను.