ముప్పై ఆరు డబ్బాల నీళ్లు

మార్చి 3, సోమవారం

బావకి పిచ్చి ముదిరింది. ముప్పై ఏళ్లు ఫెర్రీ నడిపి, రిటైరై, నడుముకి ఆపరేషన్ చేయించుకుని, బుద్ధిగా ఇంట్లో కూర్చోవలసిన మనిషి పడవ కొంటాడట. సముద్రాలు దాటతాడట. ఒకటి కాదు, మూడు. పక్కకి ఒరిగి నడిచే పడవైతే నడుము ఒప్పుకోదు కాబట్టి కాటమరానే కావాలట. రెండు పొట్టలు, వాటి మీద ఇల్లు. ఒరగదు.

వంటగది చూడకుండా తాను ఊ అనేది లేదని అక్క. తెరచాపలు కుట్టేవాడివి కదా, నువ్వూ రారా అని నన్ను పిలిచారు. ఎనిమిదో తరగతి తప్పినవాడి సలహా అడుగుతున్నారంటే వాళ్ల పరిస్థితి తెలుస్తూనే ఉంది.

మార్చి 5, బుధవారం

పడవలమ్మే ఆయన రెండు చూపించాడు. ఆయనకి పళ్లాయన అని పేరు పెట్టాను. నవ్వితే ముప్పై రెండూ కనిపిస్తాయి, నోరు మూసినా నాలుగు బయటే.

మొదటిది లావుది. దాని పేరు ఏనుగు. నాలుగు పడకగదులు, రెండు ఫ్రిజ్‌లు, సోఫా. అక్క స్టవ్ ముందు నిలబడి, చెయ్యి చాపితే సింకు అందుతోందా అని చూసుకుని మురిసిపోయింది.

రెండోది సన్నది. దాని పేరు కొరడా. గదులు అగ్గిపెట్టెలు. పొట్టలు చాకులు. బావ దాని చుట్టూ మూడుసార్లు తిరిగి ఒక్క మాట మాట్లాడలేదు. బావ నోరు మూసుకుని ఉండటం నేను చూడటం ఇది రెండోసారి. మొదటిసారి మత్తుమందు ఇచ్చారు.

ఇది పెర్ఫార్మెన్స్ క్రూజింగ్ కాటమరాన్ అని పళ్లాయన నోరంతా నింపుకుని చెప్పాడు. హాయికి హాయి, వేగానికి వేగమట. ఆ రెండూ కలిసేది మీ నోట్లోనే సార్ అన్నాను. అక్క నా కాలు తొక్కింది.

మార్చి 6, గురువారం

ఏనుగు ట్రయల్. నీళ్లు అద్దంలా ఉన్నాయి. ఐదు నాట్స్, అంటే గంటకి తొమ్మిది కిలోమీటర్లు. అక్క సోఫాలో కునుకు తీసింది. బావ స్టీరింగ్ పట్టుకుని, రాని బస్సు కోసం చూసేవాడిలా నిలబడ్డాడు.

మార్చి 7, శుక్రవారం, మధ్యాహ్నం 3

రేపు కొరడా ట్రయల్. దాని తెరచాప బిగించే పని పళ్లాయన నాకే ఇచ్చాడు. నేను బిగిస్తుంటే ఆయన పడవలోంచి సామానంతా దింపించాడు. స్పేర్ లంగరు, గొలుసు, పనిముట్లు, చివరికి గిన్నెలు కూడా. ఏ పడవనైనా ట్రయల్‌కి ఇలాగే బోడి చేసి చూపిస్తాడట. బరువు లేకపోతే గుర్రంలా ఉరుకుతుందట. నేనూ తన మనిషినే అనుకుని ఈ రహస్యం చెప్పి, కన్ను కూడా కొట్టాడు.

నాకు చేతులు దురద పెట్టాయి.

క్యాన్వాస్ నానబెట్టడానికి జెట్టీ పక్కన నా షెడ్డులో ఇరవై లీటర్ల డబ్బాలు ముప్పై ఆరు ఉన్నాయి. పడవ తాళం నా జేబులోనే ఉంది. అందరూ భోజనాలకి వెళ్లినప్పుడు ఖాళీ డబ్బాలు ఎక్కించి, జెట్టీ మీది కొళాయికి పైపు తగిలించి అక్కడే నింపాను. మంచాల కింద, నేల అరల్లో, బాత్రూముల్లో. ఏడువందల ఇరవై కిలోలు. రేపు గుర్రం గేదెలా నడిస్తే ఆ పళ్లు ఎక్కడ దాచుకుంటాడో చూడాలి. బావ మొహం కూడా చూడాలి. ఆ తర్వాత అరలు తెరిచి చూపిస్తాను.

ఇలాంటి పని చేసి చాలా రోజులైంది. కిందటిసారిది బావ ప్యాంటు జేబులన్నీ కుట్టేయడం.

మార్చి 8, శనివారం, ఉదయం 7

చచ్చాను. కొరడా బాత్రూములో కూర్చుని, డబ్బాల మధ్య రాస్తున్నాను.

ఇప్పుడే జెట్టీ మీద అక్క చెప్పింది. బావకీ తనకీ ఒప్పందమట. ఇవాళ తనకి ఒక్క వాంతి అయినా సరే, బావ ఈ జన్మలో పడవ మాట ఎత్తకూడదు. పెళ్లైన కొత్తలో అక్క ఆయన ఫెర్రీ ఎక్కి పేగులు కక్కుకుంది. మొన్న ఏనుగు మీద ఏమీ కాలేదు కానీ, ఆ రోజు సముద్రం సముద్రంలా ఉందా ఏమన్నా, అది లెక్కలోకి రాదంది. బావ సరేనన్నాడట. ఇరవై ఏళ్ల కోరికని తీసుకెళ్లి మా అక్క కడుపు మీద పెట్టాడు.

బయట గాలి ఇరవై రెండు నాట్స్. ఎక్కడ చూసినా తెల్లటి నురగే.

చెప్పేయాలి. పళ్లాయన తాళ్లు విప్పుతున్నాడు.

చెప్పలేదు. నోరు ఇంత, గుండె ఇంతే.

అదే రోజు, సాయంత్రం

ఎక్కడ మొదలుపెట్టాలో తెలియడం లేదు.

హార్బరు గోడ దాటగానే మొదటి అల లేచింది. ఇంటంత ఉంది. నేను కళ్లు మూసుకున్నాను. బరువుకి ముక్కు గుచ్చుకుంటుంది, రెండు పొట్టల మధ్య నేల కిందకి అల వచ్చి గుద్దుతుంది, అక్క వంగుతుంది, బావ పని అయిపోతుంది అనుకున్నాను. ఏ చప్పుడూ రాలేదు. కళ్లు తెరిస్తే అల మా వెనక ఉంది. మధ్య నేల నీళ్లకి అంత ఎత్తున ఉంది. వాకిట్లోంచి పిల్లి వెళ్లినట్టు అల కిందనుంచి వెళ్లిపోయింది.

బావ మెయిన్ తెరచాప బిగించాడు. నేను కుట్టిందే. నా వయసు యాభై రెండు, అందులో ముప్పై ఏళ్లు కుట్టడంతోనే పోయాయి. కుట్టడం, మడవడం, ఇచ్చేయడం, అంతే. నా తెరచాప కింద నిలబడి తల ఎత్తి చూడటం ఇదే మొదటిసారి. గాలి నిండగానే ఒక్కో కుట్టూ బిగుసుకుంటూ పైదాకా పోయింది. అది ఇంక గుడ్డ కాదు. ఏదో పెద్ద ప్రాణి ఊపిరి తీసుకుని, వదలకుండా మమ్మల్ని మోసుకుపోతున్నట్టు ఉంది. తొమ్మిది నాట్స్. పది. పదకొండున్నర. వెనక నీళ్ల మీద రెండు గీతలు, సుద్దముక్కతో గీసినంత తిన్నగా. ఇంజిన్ ఆపేశారు. వేగమంటే మోత అనుకున్నాను ఇన్నాళ్లూ. గుసగుసలు కూడా వినిపించేంత నిశ్శబ్దంగా ఉంది.

నాకు ఒక్క జోకూ తట్టలేదు.

అక్క లోపల టీ పెట్టింది. కప్పు నిండా పోసి, బల్ల మీద పెట్టి, చేతులు కట్టుకుని దాని కేసే చూస్తూ కూర్చుంది. నేను అక్కని చూస్తూ కూర్చున్నాను. పది నిమిషాలు. అంచు దాకా వస్తోంది, వెనక్కి పోతోంది, చుక్క ఒలకలేదు. చివరికి ఆ చల్లారిన టీ గటగటా తాగేసి, బయటికి వచ్చి, ఎవరినో తిడుతున్నట్టుగా, ఇంకొంచెం దూరం పోనీండి అంది.

బావ తల తిప్పలేదు. భుజాలు మాత్రం కదిలాయి. ఏడుస్తున్నాడేమోనని నేను అటు వెళ్లలేదు.

మార్చి 9, ఆదివారం

భోజనం దగ్గర చెప్పేశాను. డబ్బాలు, పైపు, అంతా.

బావ కంచంలోంచి తల ఎత్తకుండా తెలుసులేరా అన్నాడు. ఫెర్రీ వాళ్లు పడవ ఎక్కేముందు పడవని చూడరట, నీటి గీతని చూస్తారట. పొట్ట మీది ఎర్ర గీత మూడు వేళ్లు మునిగి ఉంది. లోపల ఎంత బరువుందో తెలిసింది, ఏ వెధవ పెట్టాడో కూడా తెలిసింది అన్నాడు.

మరి అక్కకి వాంతి అయ్యుంటేనో అని నేనే ఆయన మీద అరిచాను.

మేము వెళ్లేది తిండీ నీళ్లూ డీజిలూ మీ అక్క చీరలూ వేసుకునే కదరా అన్నాడు. ఖాళీ కడుపుతో ఎవడైనా పరిగెడతాడు. వాంతి రావాలంటే ఈ ఒడ్డునే రావాలి, నడిసముద్రంలో మీ అక్కని ఎక్కడ దింపను అన్నాడు.

ఇరవై ఏళ్ల కోరిక పోయినా పోనీ అనుకుని, నవ్వుతూ స్టీరింగ్ పట్టుకున్నాడు ఈ మనిషి. జేబులు కుట్టడానికి తప్ప ఎందుకూ పనికిరాడనుకున్నాను.

నీకు పళ్లు ఊడినా బుద్ధి రాదురా అని అక్క మొదలుపెట్టింది. పావుగంట తిట్టింది. తర్వాత, ఆ డబ్బాలు ఉన్నాయా పారేశావా అని అడిగింది. ఉన్నాయన్నాను. అయితే ఏనుగులోకి ఎక్కించు అంది.

మార్చి 11, మంగళవారం

అదే గాలి. అవే ముప్పై ఆరు డబ్బాలు. ఈసారి పళ్లాయన కళ్లెదుటే ఎక్కించాం. ఇది పద్ధతి కాదన్నాడు. సముద్రానికి మీ పద్ధతి తెలియదు కదండీ అంది అక్క. నేనెంత గింజుకున్నా నాకు తట్టని మాట!

గోడ దాటాం. ఢాం. మళ్లీ ఢాం. నేల కిందనుంచి ఎవడో సుత్తితో కొడుతున్నట్టు. ఏనుగుకి రెండు పొట్టల మధ్య నేల నీళ్లకి మరీ దగ్గర. అక్క కప్పు ఎగిరి సోఫాలో పడింది. అక్క మొహం పాలిపోయింది. చెయ్యి ఎత్తి, వెనక్కి తిప్పండి అంది. ఇంకో రెండు నిమిషాలైతే వాంతి అయ్యేది.

దిగేముందు ఆ వంటగదిని ఒకసారి చేత్తో తడిమింది. ఎంత మంచి సింకు అంది. జెట్టీ మీద రెండడుగులు వేసి, కొరడానే అంది. బావ అక్కడే తాడు చుట్టే గుంజ మీద కూర్చుండిపోయాడు. నడుము నొప్పా అంటే, కాదు, ఉండరా అన్నాడు.

మార్చి 16, ఆదివారం

వీళ్లు సముద్రం మీదికి పోతే ఆదివారం నేనెవరింట్లో తినాలి?

మార్చి 22, శనివారం

అక్క, బావ షెడ్డుకి వచ్చారు. కొరడా ఎక్కే ప్రతి వస్తువునీ తూచి రాయాలని అక్క పట్టు. తెరచాపలు తూచే కొక్కెం కాటాకి ఒక్కొక్కటీ తగిలించాను. గిన్నెల మూట పదకొండు కిలోలు. చీరల మూట నాలుగు కిలోలు, అంతకంటే వద్దంది. బావ పనిముట్లు ముప్పై.

అన్నీ అయ్యాక, ఆ కొక్కెం పట్టుకుని నువ్వు వేలాడరా అంది అక్క.

వేలాడాను. కాళ్లు నేల విడిచాయి. డెబ్బై నాలుగు.

బావ పనిముట్ల కింద, అదే లిస్టులో రాసుకుంది.

నవ్వుతారేమోనని పైనుంచి ఇద్దరినీ చూశాను. ఎవరూ నవ్వలేదు.