కిటికీ అవతలి జవాబు

11 నవంబరు 2002

ఆ పిల్లను బయటికి నెట్టింది మీరే. జగ్గయ్యపేట బస్టాండు గోడ మీద ‘పదో తరగతి నూటికి నూరు’ అని చూసి మీ పిల్లల్ని మా బడిలో చేర్పించిన మీరే. ఈ పేజీ ఎవరూ చదవరు. అయినా మీకే చెప్తున్నా.

పదిలో తప్పుతారనుకున్నవాళ్లకు ముందే టీసీ ఇచ్చి ప్రైవేటుగా పరీక్ష కట్టించడం మా బడి పద్ధతి. రిజల్టు చెడదు. ఇవాళ క్రిస్టీ వంతు. చదవమంటే అక్షరాలు కదులుతున్నాయంటుంది. చదివి వినిపిస్తే పాఠం మొత్తం అప్పజెబుతుంది.

హెడ్మాస్టర్ భవానీప్రసాద్‌తో పోట్లాడా. ఒక్క పిల్ల కోసం బడి పరువు తీస్తారా మేడమ్, మీ ఉపన్యాసాలు యూనియన్ మీటింగులో దంచుకోండి, అన్నాడు. రానివాళ్లను తరిమేసి వచ్చినవాళ్లను చూపించుకోడం పరువేంటండి, అన్నా.

12 నవంబరు

క్రిస్టీ యూనిఫాం వేసుకునే వచ్చింది. గేటు దగ్గర ఆపేశారు. వెనక సందులోకి వెళ్లి మా క్లాసు కిటికీ కింద నిలబడింది. సోషల్లో నేనడిగిన ప్రశ్నకు బయటి నుంచి జవాబొచ్చింది. పిల్లలు నవ్వారు.

14 నవంబరు

బాలల దినోత్సవం. హెడ్మాస్టర్ చాక్లెట్లు పంచి, మా క్లాసు కిటికీ మూయించాడు. మూసినా జవాబు వినబడింది. ఈసారి ఎవరూ నవ్వలేదు.

19 నవంబరు, సాయంత్రం

క్రిస్టీ తల్లి లూర్దమ్మ ఇంటికి వెళ్లా. రోజూ పిల్ల గోడ పక్కన నిలబడితే మాకు సిగ్గు కాదేంటండి, ఆదివారమే మా అక్కతో గుంటూరు కాడ పత్తి జిన్నింగు మిల్లుకి పంపిచ్చేశానండి, అంది. నేను చదివి వినిపిస్తా, పరీక్ష రాయిస్తా అన్నా. మీ బళ్లో మీ మాటే చెల్లలేదు గదండి మేడమ్‌గారూ, అంది.

ఇంటికి నందిగామ బస్సెక్కి కూర్చున్నాక రోజులు లెక్కేసుకున్నా. నిన్న సోమవారం. నిన్న కూడా జవాబు విన్నా.

20 నవంబరు

ఇవాళా.

21 నవంబరు

పాఠం మధ్యలో సందులోకి వెళ్లి చూసా. ఎవరూ లేరు. వచ్చి ప్రశ్న అడిగితే క్లాసంతా మూసిన కిటికీ వైపు తిరిగింది. ఫస్ట్ ర్యాంకు పుష్పవతి చెయ్యెత్తి, మళ్లీ దించేసింది. ఉండండి మేడమ్, ఆ అమ్మాయి చెప్తోంది కదా, అంది.

25 నవంబరు

పరీక్షకు పేర్లు రేపు పంపుతారు. హెడ్మాస్టర్ తలుపుకు ఇది అంటించి వచ్చా:

క్రిస్టీ పేరు చేర్చాలి.
ప్రశ్నలు చదివి వినిపించే మనిషిని ఇవ్వాలి.
వెనకబడినవాళ్లకు రోజూ విడిగా ఒక పీరియడ్ ఉండాలి.
పది పరీక్షలయ్యేదాకా ఎవరికీ టీసీ ఇవ్వకూడదు.
పిల్లను తీసుకురావడానికి నాతో గుంటూరు మీరే రావాలి. రేపు పొద్దున మొదటి బస్సుకే.