వీధంతా కట్టేసిన కొళాయిలు

అన్నకు,

పుంగనూరులో నువ్వు కడుతున్న కల్యాణమండపం దగ్గర నిన్న మున్సిపాలిటీ నీళ్ల ఒత్తిడి కొలిచాను. మంట రేగితే పైకప్పు నుంచి నీళ్లు చల్లే స్ప్రింక్లర్లకు సరిపోతుందని మీటరు చూపింది.

బయటికొస్తే ఎదురింటి రాజేశ్వరమ్మ ఖాళీ బిందెతో నిలబడి ఉంది. "నీ పరీక్షకు నీళ్లు బాగా రావాలని మీ అన్న సెప్పినాడమ్మా. అందుకే వీధంతా కొళాయిలు కట్టేసినాం," అంది.

"ఇంక పట్టుకోండమ్మా" అన్నాను. అందరూ కొళాయిలు తిప్పాక లోపలికెళ్లి చూస్తే మీటరు ముల్లు సగానికి పడిపోయింది.

నా బడి పరీక్షలప్పుడు ఇంట్లో టీవీ కట్టేసేవాడివి. ఇప్పటికీ అదే పని చేస్తున్నావు. కానీ మంట వీధికి చెప్పి రాదన్నా. మండపానికి వేరే నీళ్ల ట్యాంకు కట్టు, అప్పుడే అగ్నిమాపక శాఖ అనుమతి మీద సంతకం పెడతాను. అందులో మొదటి పెళ్లి మన పిల్ల యమునదే కదా. ఆ రోజు వీధిలో ఏ బిందే ఖాళీగా ఉండకూడదు.

నీ చెల్లెలు