ముళ్లపంది పూసింది

జూలై 14, ఆదివారం
కుట్టుమిషను పక్క నుంచి

చిరంజీవి కోడలికి,

మామయ్య ఆశీర్వదించి రాయునది. ఇక్కడ మేమిద్దరం క్షేమం, అక్కడ నువ్వూ క్షేమంగా ఉండాలని కోరుకుంటున్నాం. పైన ‘కోడలికి’ అని రాయగానే మీ అత్తయ్య అడ్డం పడింది. మావాడూ నువ్వూ విడిపోయి మూడేళ్లయింది, ఇప్పుడు నీకు ఇంకొకరితో పెళ్లి కూడా కుదిరింది, ఇంకా ఆ పిలుపేమిటని ఆవిడ వాదన. విడిపోయింది వాడు, నేను కాదన్నాను. అయితే అలాగే రాయమంది. ఈ ఇంట్లో నా మాట నెగ్గడం అమావాస్యకో పున్నానికో గనక నీకూ తెలియజేస్తున్నాను.

నీ పెళ్లి కబురు అందిన రోజే జవాబు రాయాల్సింది. మొక్క పూసేదాకా ఆగుదామని మీ అత్తయ్య పట్టుబట్టింది. నిజం చెప్పాలంటే నీ ఉత్తరం చదవగానే గుండె కలుక్కుమంది. తరవాత సంతోషం వేసింది. అతనూ నీతోపాటే కొండమీద అడవిమొక్కల విత్తనాలు ఏరే ఉద్యోగమని రాశావు కాబట్టి ముళ్లకు భయపడే రకం కాదని ధైర్యం చిక్కింది. మావాడికి చెబితే, మనిషి మంచివాడేనా అని అడిగాడు. అవునట అన్నాను. అయితే మంచిదేగా అని అన్నం ముందు కూర్చున్నాడు. వాడి మనసులో కల్మషం లేదమ్మా. మీ ఇద్దరికీ పొసగలేదు, అంతే.

ఇక నీ ముళ్లపంది. పెరట్లో నువ్వు విత్తనం చల్లి వెళ్లిన, ఒళ్లంతా ముళ్లున్న ఆ కొండమొక్కకు మీ అత్తయ్య పెట్టిన పేరు అదేగా. పూసింది తల్లీ. ఇన్నాళ్లూ నేలను కరుచుకుని పడుకున్నది కాస్తా ఈ వేసవిలో లేచి నా నడుమెత్తు పెరిగింది. గడ్డం గీసుకునే బ్రష్షును ఊదారంగులో ముంచి నిలబెట్టినట్టుంది ఒక్కో పువ్వూ. తేనెటీగలు తల దూర్చి, ఇంటికి వెళ్లాలన్న సంగతే మరిచిపోతున్నాయి.

నువ్వు చెప్పినట్టే పెరడును దాని మానాన వదిలేశాం. తవ్వలేదు, ఎరువు వెయ్యలేదు, రాలిన ఆకు కూడా ఎత్తలేదు. మొదట్లో మీ అత్తయ్యే జాలిపడి గిన్నెలు కడిగిన నీళ్లు పోసింది. వారం తిరక్కుండా ఆకులు పసుపెక్కాయి. ఆవిడ హడలిపోయి, చుట్టూ గులకరాళ్లు పోసి, అటుగా చెంబు తీసుకెళ్లడం మానేసింది. పోయినేడాది మొగ్గల్ని పురుగు కొట్టేసిందని రాశాను కదా, ఈసారి ఒక్కటీ పోలేదు.

పక్కింటి మాస్టారు ఇన్నాళ్లూ గోడమీంచి తొంగిచూసి, కలుపుమొక్కకు కాపలా కాసేవాళ్లను మిమ్మల్నే చూశానని దెప్పేవాడా. మొన్న పువ్వులు చూసి నాలుగు విత్తనాలు ఇవ్వమన్నాడు. కలుపుమొక్కకు విత్తనాలెందుకండీ, దానంతటదే వస్తుందిగా అని మీ అత్తయ్య లోపలికి వచ్చేసింది. రోజంతా ఆవిడ ముఖం వెలిగిపోయింది.

పెళ్లయ్యాక నీకు కొత్త అత్తమామలు వస్తారు. వాళ్లను బాగా చూసుకో. మీ అత్తయ్యకు బెంగంతా నీ ఉత్తరాల గురించే. ఆ కొండమీద ఫోను పలకదు, మనకున్న దారి ఇదొక్కటే, ఇదీ మూసుకుపోతుందేమోనని. పిచ్చిదానా, రాస్తుందిలే అంటాను. అనేసి, పోస్ట్‌మాన్ సైకిలు బెల్లు కోసం నేనే మిషను ఆపి వింటుంటాను.

నీకూ అతనికీ చెరో చలికోటు కుడుతున్నాను. విత్తనాలకు పనికొస్తాయని జేబులు లోతుగా పెట్టాను. అతని భుజాల కొలత పంపు. కొలవనివ్వడానికి సిగ్గుపడితే, నిద్రపోతున్నప్పుడు జానతో కొలిచి రాసెయ్యి.

ఇట్లు,
ఆశీస్సులతో
మామయ్య

తా.క. మీ అత్తయ్య పెరట్లో ఉంది, ఈలోగా ఇది రాసేస్తాను. పోయినేడాది మొగ్గల్ని కొట్టింది పురుగు కాదు, మీ అత్తయ్య. ఈ మొక్క ఒక్కసారి పూస్తే ఇక చచ్చిపోతుందని వెళ్లేముందు నువ్వే చెప్పావు. నీ ప్రతి ఉత్తరమూ మొక్క ఎలా ఉందన్న ప్రశ్నతోనే మొదలవుతుంది. అది పోతే నీకు మాతో పనేముంటుందని ఆవిడ భయం. మొగ్గ కనబడినప్పుడల్లా నా కత్తెర పట్టుకెళ్లి తుంచేసేది. కత్తెర ఎందుకు మొద్దుబారుతోందని నేను అడగలేదు. పదును పెట్టి, ఆవిడ చేతికందే చోటే ఉంచేవాణ్ణి. నీ పెళ్లి కబురు వచ్చిన రోజు కూడా కత్తెర తీసుకుని వెళ్లింది. చాలాసేపు నిలబడి, ఏమీ తుంచకుండా తిరిగొచ్చింది. పిల్ల తన బతుకు తను చూసుకుంటుంటే దీన్ని ఆపి ఏం లాభం అంది. ఇప్పుడు కింది ఆకులు ఎండుతున్నాయి. ఇకమీదట మొక్క ఎలా ఉందని అడగడానికి ఉండదు. మేమెలా ఉన్నామని అడుగు తల్లీ.