మేఘగ్రహం మీద పొగ లేదు

గురువారం, రాత్రి

ఇప్పుడే రాసుకోకపోతే పొద్దున గోడపత్రిక చూసే కిరణ్‌కి ఇచ్చే చీటీలో తిట్లు తప్ప ఏమీ ఉండవు. అందుకే రాస్తున్నాను.

సాయంత్రం కాలనీ రీడింగ్ రూమ్‌లో మళ్ళీ అదే గొడవ. మేఘగ్రహం నవలల్లో గోపురాల నుంచి లేచే తెల్లటిది విషపు పొగ అట, ఆ గ్రహం వాళ్ళు హంతకులట. రెండో నవలలో అది నీటి ఆవిరి అని స్పష్టంగా ఉంది. ఈ మహా అభిమానులు టీవీలో సీరియల్ చూశారు గానీ నవల తెరవలేదు.

మొన్న గబ్బూరు నుంచి వచ్చిన మా అత్త కాలనీ పక్కనున్న కరెంటు ప్లాంటు కూలింగ్ టవర్ చూసి, "ఏందే ఇంత పొగ? గిట్ల ఎట్ల బతుకుతున్నరు?" అంది. కిరణ్ పగలబడి నవ్వాడు. "పొగ గాదత్తా, ఉత్త ఆవిరి" అన్నాడు. ఇవాళ అదే కిరణ్, కిటికీలో అదే టవర్ కనిపిస్తుండగా, పొగేనని బల్ల గుద్దాడు.

పేజీ తీసి ముందు పెట్టాను. కిరణ్ చూడనైనా లేదు.

"మీ ఇంట్ల బడికి పోయిన మొదటిదానివి గద. జర నేర్చుకో, మాకు నేర్పకు."

అందరూ నవ్వారు. వాళ్ళవి తాతల నాటి నుంచి బడికి పోతున్న ఇళ్ళు. పేజీ తిప్పడం ఒక్కటే రాలేదు.

గోడపత్రికలో మేఘగ్రహం మీద నా వ్యాసం పెట్టాలంటే ఆవిరి పేరా తీసేయాలట. తీసేస్తే నా పేరైనా గోడ మీద ఉంటుంది. అమ్మకు చదవడం రాదు, అయినా ఆదివారం వచ్చి చూస్తానంది. కానీ ఆ పేరు కింద అబద్ధం ఉంటే...

చీటీలో ఇంతే రాస్తాను: "కిరణ్, పేరాతో సహా అంటిస్తావా, లేదా? శనివారం సాయంత్రంలోగా చెప్పు. అమ్మను రమ్మనాలో వద్దో నాకు తెలియాలి."