వేలిముద్ర పడనివాళ్ళకు నా బావి

మైపాడు పక్కన పట్టపుపాలెంలో కాపురముంటున్న చిన్నపోలయ్య అనే నేను, డెబ్బై ఎనిమిదో ఏట, బుర్ర సరిగ్గా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా చేత్తో రాసుకున్న వీలునామా. దస్తావేజులు రాసే ఆయన చేత రాయిస్తే నా తిట్లు తీసేస్తాడు. నేను చదివింది మూడో తరగతి. తప్పులుంటే దిద్దుకోండి, తిట్లు మాత్రం అట్లే ఉంచండి.

1. పెంకుటిల్లు, పడవ, వలలు నా కొడుకు పెంచల్‌కు. పడవెక్కితే వాంతి చేసుకుంటాడు, అయినా కొడుకు కదా.

2. నా భార్య పోలేరమ్మ చేపలు ఆరబెట్టిన తాటాకు చాప నా కూతురు వనజాక్షికి. పోలేరమ్మ పోయి ఆరేళ్ళయినా దానికి ఆమె వాసన పోలేదు. అల్లుడు ముక్కు మూసుకుంటే బయట పడుకోమనండి. ఈ వీలునామా అమలు చేయాల్సింది కూడా వనజాక్షే.

3. ఇంటి వెనక రెండు సెంట్లు, అందులో పోలేరమ్మా నేనూ తవ్వుకున్న మంచినీళ్ళ బావి. దీని సంగతి కొంచెం పొడుగు.

మా కుళాయిలు పంచాయతీ చేతిలోంచి కంపెనీ చేతికి పోయి రెండేళ్ళయింది. ఇప్పుడు మిషన్ మీద బొటనవేలు నొక్కితేనే నీళ్ళు. నలభై ఏళ్ళు ఉప్పులో చేపలు తోమిన వేళ్ళ మీద గీతలేం మిగుల్తాయి? ఎదురింటి గురవమ్మ మూడు రోజులు ఖాళీ బిందెతో తిరిగొచ్చింది. "మిషన్ నిన్ను గుర్తుపట్టలేదవ్వా" అన్నాడంట మిషన్ కాడ కూర్చునే నరేంద్రబాబు. "నేను మాత్రం దాన్ని గుర్తుపట్టినానా? పక్కకు జరగబ్బా" అన్నదంట ఆమె. మాట గెలిచింది, బిందె నిండలేదు. అర్జీ ఇస్తే పంచాయతీ కంపెనీని అడగమంది. కంపెనీ నెల్లూరు ఆఫీసుకు పొమ్మంది. అప్పుడు నేను పెరటి తడిక పీకేసినాను. వేలు పడని పదకొండు ఇళ్ళు ఇప్పుడు నా బావి నీళ్ళే తాగుతున్నాయి.

ఆ బావి కొని పూడ్చాలని కంపెనీ పెంచల్ వెనక తిరుగుతోంది. వాడు నాకు మాత్రలిచ్చేటప్పుడు పక్కనే అమ్మకం కాగితం కూడా పెడుతున్నాడు. నేను సంతకం పెట్టినానని వాడు ఏ కాగితం చూపించినా నమ్మొద్దు.

4. కాబట్టి ఆ రెండు సెంట్లు, బావి గురవమ్మకు, మాలకొండమ్మకు, నాగులమ్మకు ఉమ్మడిగా ఇస్తున్నాను. ముగ్గురికీ వేళ్ళు పడవు. అమ్మాలంటే షరతు ఒకటే: ముగ్గురూ కంపెనీ మిషన్ మీదే వేలు నొక్కాలి, అది ముగ్గురినీ గుర్తుపట్టాలి. గుర్తుపట్టిన రోజు వాళ్ళకు కుళాయి నీళ్ళూ వస్తాయి. అప్పుడు బావి అమ్ముకున్నా నాకు బాధ లేదు.

5. నరేంద్రబాబుకు నా ఇత్తడి చెంబు. కంపెనీ నీళ్ళు వాడికే గొంతు దిగవు. మిషన్ కట్టేసి మా బావి కాడికే వచ్చి దోసిలి పట్టి చొక్కా తడుపుకుంటున్నాడు.

6. ఒరే పెంచలా, ఆ అమ్మకం షరతు కొట్టేయించడానికి నువ్వు ప్లీడరు కాడికి పోతావని నాకు తెలుసు. మిషన్‌లో వేలు పడలేదని మనిషికి అమ్ముకునే హక్కు ఆపడం చెల్లదని ఆయన అంటాడు. అనాలనే ఆ షరతు రాసినాను. ఆ మాటే కాగితం మీద రాయించి, ఆయన సంతకం పెట్టించి తీసుకురా. నీళ్ళకూ అదే న్యాయమని వనజాక్షి దాన్ని కంపెనీ మిషన్ మీద అంటిస్తుంది. ప్లీడరు ఫీజు నువ్వే కట్టుకో.

2025 నవంబరు 21, శుక్రవారం, పట్టపుపాలెం.

(సంతకం) చిన్నపోలయ్య

సాక్షులు:
పరంజ్యోతి, రిటైరైన పంతులు
అబిగయీలు, నర్సు. నా బుర్ర సరిగ్గా ఉందని చూసి చెప్పింది. నోటి సంగతి తన పని కాదంది.